కుంకుడు నురగ, నిమ్మ ఉప్పు

హైదరాబాద్ నాగోల్‌లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో నల్లా మూతి చూడండి, తెల్లగా గార కట్టి ఉంటుంది. అది సున్నపు పొర. సబ్బుకు లొంగదు, పులుపుకు కరుగుతుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, అందులో గుడ్డ తడిపి నల్లా మూతికి పావుగంట చుట్టి ఉంచి కడిగేయండి. పాలరాయి మీద మాత్రం చుక్క పడనివ్వకండి, మచ్చ పడుతుంది. ఇత్తడి చెంబుకు చింతపండు ఉండనే ఉంది. గిన్నెలకైతే పది కుంకుడుకాయలు గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున మరిగించి, పిసికి వడకట్టండి. ఆ నురగ కుంకుడులోని సపోనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. రెండు మూడు రోజుల్లోనే వాడేయాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. బ్లీచింగ్ పౌడర్‌లో నిమ్మ ఉప్పుగానీ బాత్‌రూమ్ యాసిడ్‌గానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరాడదు.