గెజెటుతో మొదలైన మారణహోమం
(ధర్మపురిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీ హక్కుల సభలో యూదుల చరిత్ర ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణముంది. గాజా దృశ్యాలు చూసి రగిలిపోతున్న మన యువకుల్లో కొందరు, హిట్లర్ చేసిందే సరైనదనీ, అసలు ఆ మారణహోమమే కట్టుకథ అనీ చెప్పే సందేశాలను ఫోన్లలో పంచుకుంటున్నారు. పాలస్తీనియన్ల పక్షాన నిలబడటం న్యాయం. కానీ దాదాపు 60 లక్షల మంది యూదుల హత్యను అబద్ధమనడం ఏ న్యాయం? సూరా అల్ మాయిదాలోని ఎనిమిదవ ఆయతును ఇంటికి వెళ్ళి మరొకసారి చదువుకోవలసిందిగా ఆ యువకులను కోరుతున్నాను.

ఇది మనకు పూర్తిగా పరాయి చరిత్ర కూడా కాదు. మన ధర్మపురి నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో హైదరాబాదు నుంచి ‘ఇస్లామిక్ కల్చర్’ అనే ఆంగ్ల త్రైమాసిక పత్రిక వెలువడేది. ఖుర్ఆన్‌ను ఆంగ్లంలోకి అనువదించిన మర్మడ్యూక్ పిక్తాల్ తరువాత ఆ పత్రిక సంపాదకత్వం స్వీకరించిన వారు ముహమ్మద్ అసద్. ఆయన 1900లో లెంబర్గ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో లియోపోల్డ్ వైస్‌గా జన్మించి, 1926లో ఇస్లాం స్వీకరించారు. తండ్రి, సోదరి వియన్నాలో ఉండేవారు. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకున్నది. వారిని బయటికి తీసుకురావాలని అసద్ ఎంతో ప్రయత్నించారు, సాధ్యపడలేదు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలు కాగానే మన దేశంలోని బ్రిటిష్ ప్రభుత్వం, శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్నదని అసద్‌నే నిర్బంధించి 1945 వరకు శిబిరంలో ఉంచింది. ఆయన ఇక్కడ ముళ్ళకంచె వెనుక ఉండగానే, 1942లో తండ్రినీ సోదరినీ వియన్నా నుంచి తరలించుకుపోయారు. వారు తిరిగి రాలేదు.

నా ఉద్యోగ జీవితమంతా సర్కారు దఫ్తరులో దస్త్రాలు రాయడంతోనే గడిచింది. కనుక ఈ చరిత్రను గుమాస్తా కళ్ళతో చదివాను. హిట్లర్ 1933 జనవరి 30న అధికారంలోకి వచ్చాడు. అప్పటికి జర్మనీలో యూదులు సుమారు 5 లక్షలు, అంటే జనాభాలో నూటికి ఒకరు కూడా కాదు. పది వారాలు తిరగకముందే, ఏప్రిల్ 7న, వారిని ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించే చట్టం వచ్చింది. దాని పేరు ‘వృత్తి ఉద్యోగ వ్యవస్థ పునరుద్ధరణ చట్టం’. చట్టాలకు పేర్లు ఎప్పుడూ మంచివే పెడతారు! మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన వారికి అందులో మినహాయింపు ఇచ్చారు. దేశం కోసం రక్తం చిందించిన మనకేమీ కాదని చాలామంది నమ్మారు. 1935 ముగిసేసరికి ఆ మినహాయింపు కూడా పోయింది.

ఇక్కడొక విషయం గమనించండి. ఉద్యోగి యూదుడు కాదని నిరూపించడానికి తల్లిదండ్రుల, తాతల, అమ్మమ్మ నానమ్మల మతానికి ఆధారం చూపాలి. ఆ ఆధారం ఎక్కడిది? చర్చీల్లోని పాత జ్ఞానస్నానపు రిజిస్టర్లలోనిది. ఎవరికీ కీడు తలపెట్టకుండా తరతరాలుగా రాసుకున్న పుస్తకాలవి. పాస్టర్లు నకళ్ళు రాసి ఇచ్చారు. తమ చేతిమీదుగా ఏం జరుగుతున్నదో ఎందరు ఆలోచించారో మరి!

1935 సెప్టెంబరు 15న న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వ హక్కులు తీసివేశాయి, ఇతరులతో వివాహాన్ని నిషేధించాయి. 1938లో ఉత్తర్వుల మీద ఉత్తర్వులు వచ్చాయి. ఏప్రిల్‌లో 5,000 మార్కులకు మించిన ఆస్తి ఉన్న యూదులు దానిని నమోదు చేయించాలన్నారు. ఆగస్టులో, యూదు పేరుగా గుర్తింపు లేని ప్రతి పురుషుని పేరుకు ‘ఇజ్రాయెల్’, స్త్రీ పేరుకు ‘సారా’ చేర్చాలన్నారు. అక్టోబరులో పాస్‌పోర్టు మీద ‘జె’ ముద్ర పడింది. నవంబరు 9 రాత్రి ప్రార్థనాలయాలు తగులబెట్టి, దుకాణాలు పగలగొట్టి, దాదాపు 30 వేల మంది పురుషులను శిబిరాలకు పంపారు. పైగా ఆ విధ్వంసానికి బాధితుల మీదనే 100 కోట్ల మార్కుల జరిమానా వేసి, వారికి రావలసిన బీమా సొమ్మును ప్రభుత్వమే జప్తు చేసుకున్నది.

1941లో జర్మనీ నుంచి తరలింపులు మొదలైనప్పుడు కూడా కాగితం ఆగలేదు. రైలెక్కే ముందు ప్రతి కుటుంబమూ మంచాలు, దుప్పట్లతో సహా తమ ఆస్తి వివరాలను పేజీలకు పేజీలు నింపి సంతకం చేయాలి. సరిహద్దు దాటినవారికి పౌరసత్వం పోతుందనీ, వారి ఆస్తి ప్రభుత్వానిదనీ నవంబరులో ఉత్తర్వు తెచ్చారు. తరలించేదీ ప్రభుత్వమే, వెళ్ళిపోయారు కాబట్టి ఆస్తి నాదనేదీ ప్రభుత్వమే. ఆ సామాను హాంబర్గ్ వంటి నగరాల్లో బహిరంగ వేలంలో అమ్మితే సాధారణ జనం కొనుక్కున్నారు.

అప్పటికే సోవియట్ భూభాగాల్లో యూదులను వేల సంఖ్యలో కాల్చి చంపుతున్నారు. 1942 జనవరి 20న వాన్‌సీలో 15 మంది అధికారులు కూర్చుని, ఐరోపా యూదులందరి నిర్మూలనకు శాఖల మధ్య సమన్వయం కుదుర్చుకున్నారు. ఆ తరువాతి కథ మీకు తెలిసినదే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది హాలండ్. 1940లో తాము యూదులమో కాదో తెలిపే పత్రంపై అక్కడి ఉద్యోగుల్లో దాదాపు అందరూ సంతకం చేశారు. జనాభా రిజిస్టర్లు ఎంతో చక్కగా రాసే దేశమది. ఉన్న 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా చంపబడ్డారు. 1943 మార్చి 27 రాత్రి ప్రతిఘటన దళం ఒకటి పోలీసు దుస్తుల్లో వెళ్ళి ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్ట్రీ కార్యాలయానికి నిప్పు పెట్టింది. కాలింది కొంత భాగమే. అందుకు 12 మందిని కాల్చి చంపారు. మరి ముస్లిములు అధికంగా ఉన్న అల్బేనియాలో? జర్మన్లు యూదుల జాబితా అడిగితే అక్కడి అధికారులు ఇవ్వలేదు. ఆశ్రయం కోరి వచ్చిన యూదులను ముస్లిం కుటుంబాలు తమ ఇళ్ళలో దాచాయి. యుద్ధానికి ముందుకంటే యుద్ధం ముగిశాక అక్కడ యూదులు ఎక్కువగా ఉన్నారు. ఆ సందేశాలు పంపే యువకులకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

లెక్కలన్నీ కుట్రలేనని నేననడం లేదు. లెక్కలు లేకపోతే 2006 నాటి సచార్ నివేదిక లేదు, మన రాష్ట్రంలో సుధీర్ కమిషన్ నివేదికా లేదు. మన వెనుకబాటును ఆ అంకెలతోనే చూపించుకుంటున్నాం. గుమ్మంలోకి వచ్చిన ఎన్యూమరేటర్ మీద అరవకండి, అతడూ నాలాంటి చిన్న ఉద్యోగే. ఏ చట్టం కింద అడుగుతున్నారు, ఆ వివరాలు ఎవరి చేతికి వెళతాయి, తప్పు పడితే అప్పీలు ఎక్కడ అన్నవి మర్యాదగా అడగండి. ఇచ్చిన ప్రతి కాగితానికి నకలు, రసీదు దగ్గర ఉంచుకోండి.

మగ్రిబ్ వేళ అవుతున్నది. ప్రశ్నలున్న యువకులు నమాజు తరువాత రండి, ఇక్కడే కూర్చుని ఉంటాను. ఖుదా హాఫిజ్.