సగటు లెక్కల కింద నడిగడ్డ

(గద్వాలలో ఉద్యోగులు, ఉపాధ్యాయులు, విద్యార్థులతో జరిగిన అధ్యయన సభలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమ కాలంలో మనమందరం లెక్కలు నేర్చుకున్నం. 610 జీవో చదివినం, కృష్ణా నీళ్లలో వాటా ఎంతో నోటికి చెప్పినం. అన్నింటికన్నా ముఖ్యంగా సగటు అనే మాట ఎంత మోసం చేస్తదో నేర్చుకున్నం. ఉమ్మడి రాష్ట్రపు సగటు చూపించి 'మీరేం వెనుకబడలేదు' అన్నప్పుడు, హైదరాబాద్‌ను పక్కకు పెట్టి లెక్క తీయండని అడిగినం. అది న్యాయమైన ప్రశ్న. రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. ఆ ప్రశ్నను ఇప్పుడు మనల్ని మనం అడగాలె. అందుకే ఈ సభను నడిగడ్డలో పెట్టుకున్నం.

తెలంగాణ తలసరి ఆదాయం ఏడాదికి 3 లక్షలు దాటింది. అంటే పసిపిల్లతో సహా మనిషికి నెలకు 25 వేలు. నలుగురున్న ఇంటికి నెలకు లక్ష. ఈ హాలులో ఎంతమంది ఇంటికి నెలకు లక్ష వస్తున్నదో చేతులెత్తమంటే ఉద్యోగ మిత్రులు కొందరు ఎత్తుతరేమో. బయట కూలి అడ్డా మీద అడిగితే నవ్వుతరు. జిల్లాల వారీగా చూస్తే రంగారెడ్డి ముందు వరుసలో ఉంటది, దాన్ని ఆనుకొని ఉన్న వికారాబాద్ చివరి వరుసలో ఉంటది. ఎక్కువ భాగం 2016 దాకా ఒకే జిల్లా. ఒకే సగటు కింద ఇన్నేండ్లు దాక్కున్న రెండు లోకాలు.

ఇగ దారిద్ర్య రేఖ సంగతి. పల్లెలో మనిషికి రోజుకు 2,400 కేలరీలు, పట్నంలో 2,100. 1973-74 ధరల్లో ఆ తిండి తినగలిగిన మనిషి నెలకు ఎంత ఖర్చు పెడుతున్నడో చూసి అక్కడ గీత గీసిన్రు. ఆ తర్వాత కమిటీలు వచ్చినయి, పద్ధతులు మారినయి. 2011లో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో పల్లెలో రోజుకు 26 రూపాయలు, పట్నంలో 32 రూపాయలు ఖర్చు పెట్టగలిగితే పేద కాదన్నరు. దేశమంతా కోపగించుకున్నది. అయితే ఆ కోపమంతా గీత ఎంత ఎత్తులో ఉండాలన్న దాని మీదనే పోయింది. రూపాయలతో మాత్రమే కొలవొచ్చా అన్నది ఎక్కువమంది అడగలేదు.

నడిగడ్డ వాళ్లకు ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. కృష్ణా, తుంగభద్రల నడుమ నేల ఇది. ఆర్డీఎస్ కాలువ కింద 87,500 ఎకరాలు పారాలని కాగితం మీద ఉన్నది. చివరి భూములకు నీళ్లు ఎట్ల వచ్చినయో ఇక్కడివాళ్లకు మేం చెప్పనక్కరలేదు. బోర్లు వేసుకున్నరు, సీడు పత్తికి దిగిన్రు. ఆర్గనైజర్ అడ్వాన్సు ఇస్తడు, పంట అయినంక పట్టుకుంటడు. చేతిలో డబ్బు ఆడుతది. సర్వే చేసేటాయన ఇంటికొచ్చి నెలకు ఎంత ఖర్చు పెట్టిన్రని అడిగితే, ఆ ఇల్లు గీతకు పైననే తేలుతది. కాని క్రాసింగ్ మొదలైతే సాయంత్రం మొగ్గ గిల్లాలె, తెల్లారి పుప్పొడి అద్దాలె. పొద్దు తప్పితే పువ్వు పోయినట్టే. ఆ పనికి పదేండ్ల ఆడపిల్లను తోలుకపోవుడు ఈ ప్రాంతంలో ఏండ్ల తరబడి చూసినం. ఇంటి ఆదాయం పెరిగింది అదే పిల్ల వల్ల. బడి పోయింది అదే పిల్లకు. రూపాయల లెక్కలో ఇది ముందుకు పోవుడు కింద పడుతది.

వలస కూడా అంతే. పాలమూరు లేబర్ నాగార్జునసాగర్ కట్టింది, దేశంలో ఎన్నో ప్రాజెక్టుల కట్టలు పోసింది. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ఆలుమగలు పోతే, ముసలోళ్లు ఇంటికాడ, పిల్లలు కొందరు వాళ్ల దగ్గర, కొందరు పని కాడ. తాళం వేసిన ఇల్లు సర్వేకు దొరకదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే నాడు బొంబాయి నుంచి, పుణె నుంచి బస్సులు కిక్కిరిసి వచ్చినయి గుర్తున్నదా? ఆ ఒక్కనాడు పాలమూరు ఊర్లు నిండుగ కనబడినయి. ఆ సర్వే ఇంటింటి వివరాలు మాత్రం పూర్తిగా జనం ముందుకు రాలేదు.

ఇప్పుడు నీతి ఆయోగ్ బహుముఖ పేదరికం అనే కొలత వాడుతున్నది. ఆరోగ్యం, చదువు, బతుకు స్థాయి, మూడింటికి సమాన వాటా. లోపల 12 అంశాలు. వంద మార్కులనుకుంటే 33.3 లేదా అంతకు మించి లోటు ఉన్న ఇల్లు పేద ఇల్లు. రూపాయల గీత కన్నా ఇది చాలా మేలు, మేం దీన్ని ఒప్పుకుంటున్నం. దీని ప్రకారం తెలంగాణలో పేదలు 2015-16లో 13.18 శాతం, 2019-21లో 5.88 శాతం. తగ్గిన మాట నిజం. ఎట్ల తగ్గిందో మాత్రం విప్పి చూడాలె.

ఒక ఇల్లు తీసుకుందాం. పిల్ల బడికి పోదు, దానికి దాదాపు 16.7 మార్కుల లోటు. కట్టెల పొయ్యి, మరుగుదొడ్డి లేదు, బ్యాంకు ఖాతా లేదు, ఇల్లు కచ్చాది. ఒక్కోదానికి దాదాపు 4.8. మొత్తం 36 దగ్గర. పేద ఇల్లు. రేపు గ్యాస్ మీద వండుడు మొదలుపెట్టిన్రు. లోటు 31కి దిగింది. ఇల్లు పేదరికం నుంచి బయటపడ్డది. పిల్ల మాత్రం పత్తి చేనులనే ఉన్నది! గ్యాస్ చిన్న సంగతని మేం అనం, పొగలో కండ్లు పోగొట్టుకున్న తల్లుల బిడ్డలమే మనం. అయితే సిలిండర్ ఇచ్చుడు సర్కారుకు అల్క, పిల్లను బడిలో నిలబెట్టుడు కష్టం. లెక్కలో మొదటిదే తొందరగా కనబడుతది.

ఇంకోటి. సర్వేలో అడిగేది ఈ విద్యా సంవత్సరంలో ఎప్పుడైనా బడికి పోయిందా అని. జూన్‌లో పది రోజులు పోయి, క్రాసింగ్ నెలలన్నీ చేనులో ఉన్న పిల్ల కూడా బడికి పోయినట్టే. నీళ్ల సంగతీ అంతే. బోరుబావి ఈ లెక్కలో మెరుగైన నీటి వనరు. నల్లగొండ ఫ్లోరైడ్ ఊర్ల బొక్కలు వంచింది ఆ బోరు నీళ్లే.

కాలాన్ని పోల్చే దగ్గర కూడా చిక్కులున్నయి. 2019-21 అని రాసిన తెలంగాణ అంకెలు 2019లోనే సేకరించినవి, కరోనా దెబ్బ అందులో లేదు. ముందటి సర్వేలో పాత పది జిల్లాలు, తర్వాతి దానిలో 31. పాత మహబూబ్‌నగర్‌ను ఇప్పటి మహబూబ్‌నగర్‌తో పోల్చితే పేరు ఒకటే, నేల వేరు. కాని జిల్లాలు చిన్నవైనందుకు ఒక మేలు జరిగింది. 2011 జనాభా లెక్కల్లో పాలమూరు అక్షరాస్యత 55 శాతం. అదే లెక్కను కొత్త జిల్లాలకు విడగొడితే జోగులాంబ గద్వాల 50 శాతానికి కూడా అందలేదు. పాలమూరు సగటు కింద నడిగడ్డ ఉన్నది. నడిగడ్డ సగటు కింద ఏముందో?

శ్రీకృష్ణ కమిటీ నివేదికను 2011 జనవరిలో మనం తిరస్కరించినం. తిరస్కరించాల్సిందే. కాని అందులో ఒక మాట మీద మనం నిలబడి మాట్లాడలేదు. అంతకు ముందు పదేండ్లకు పైగా కాలంలో తెలంగాణలో దళితుల, గిరిజనుల, మైనారిటీల ఆదాయం తగ్గిందని, కోస్తాలో అదే వర్గాలకు పెరిగిందని ఆ నివేదికే రాసింది. ప్రాంతం లోపలి అంతరం పెరుగుతున్నదని అర్థం. ఉద్యమంలో ఉండి, మన లోపలి తేడాలు బయటపెడితే వాదం బలహీనపడుతదని భయపడ్డం. ఆ తప్పు మాది కూడా.

అందుకే ఒక పని పెట్టుకున్నం. ఐదారు ఊర్లు, ఊరికి నలభై ఇండ్లు. వేసవిలో ఒకసారి, క్రాసింగ్ నెలల్లో ఇంకోసారి పోతం. మూడేండ్లకు మళ్లీ అవే ఇండ్లకు పోతం. తాళం ఉంటే ఆ ఇంటిని కొట్టేసి పక్కింటిని రాసుకోం. తాళం అనే రాస్తం, ఎక్కడికి పోయిన్రో పక్కోళ్లను అడుగుతం. బడి రిజిస్టర్‌లో పేరు ఉందా అని కాదు, పోయిన నెల ఎన్ని రోజులు పోయిందని అడుగుతం. అడ్వాన్సు ఎంత, ఎవరి దగ్గర, ఇంకా ఎంత తీరాలె అని అడుగుతం. కులం రాస్తం. ఉపాధ్యాయ మిత్రులు సెలవు రోజుల్లో వస్తమన్నరు, డిగ్రీ విద్యార్థులు ఫారాలు నింపుతరు. భోజనాలైనంక గట్టు, అయిజ, మల్దకల్ దిక్కు వాళ్లు వేర్వేరుగా కూర్చోండి. ఊర్ల పేర్లు ఇయ్యాల్నే రాసుకుందాం.