పాత యింటి పరిశీలన నివేదికను చదువుట యెట్లు?

(జంపని గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఒకరు కట్టిన యింటిని మరియొకరు కొనుట కూడ అంతకు తక్కువ పని కాదు. మన తెనాలి, రేపల్లె ప్రాంతములలో సున్నపు గోడలు, టేకు దూలములు, పెంకు కప్పు, వీధి అరుగులు గల తాతలనాటి యిండ్లు ఇంకను కలవు. వారసులు పట్టణములలో స్థిరపడినపుడు అవి అమ్మకమునకు వచ్చుచుండును. కొనువారు ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనమును ఒక్కసారిగా వాటిపై పెట్టుదురు. కనుక బయానా ఇచ్చుటకు ముందే ఇంజనీరుచే యింటిని పరీక్ష చేయించి నివేదిక వ్రాయించుకొనుట మేలు. కాని నివేదిక చేతికి వచ్చినంత మాత్రమున పని తీరదు. దానిని చదువుట తెలియవలెను.

మనలో పలువురు నివేదిక విప్పగానే "ఇల్లు మంచిదా, చెడ్డదా?" అని వెదకుదురు. నివేదిక న్యాయస్థానపు తీర్పు కాదు. ఇంజనీరు ఒక దినమున తన కంటికి కనబడినదానిని వ్రాసిన పత్రము మాత్రమే. అందు మూడు సంగతులను వేరుచేసి చదువవలెను: ఆయన చూచినది, దానికి కారణము, ఆయన చూడనిది.

మొదట చూచినది. "గోడలో పగులు కలదు" అని యున్నచో బెదరిపోవలదు. వెండ్రుకవాసి బీటలు పూతలో సాధారణముగా ఉండును. కాని గుమ్మము మూలనుండి ఏటవాలుగా పైకి పోవుచు, ఒక కొన వెడల్పుగా నున్న పగులు వేరు జాతి. మన డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బి, వేసవిలో కుంగును. దానితోపాటు పునాది కదలును. ఆ పగులు పాతదా, నేటికిని పెరుగుచున్నదా అని ఇంజనీరును అడుగుడు. పగులుకు అడ్డముగా సన్నని గాజుముక్కను అతికించి కొన్ని నెలలు చూచు పద్ధతి కలదు. గాజు విరిగినచో గోడ ఇంకను కదలుచున్నదని గుర్తు.

రెండవది కారణము. "చెమ్మ కలదు" అన్నంతమాత్రమున ఖర్చు తెలియదు. పైనుండి దిగిన మరక పెంకు పగిలినదని చెప్పును. పెంకు మార్చిన తీరును. నేలనుండి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు ఎగబ్రాకి, తెల్లని ఉప్పు పొర కట్టిన చెమ్మ భూమినుండి వచ్చినది. అది సులభముగా తీరదు. సున్నపు గోడపై క్రొత్తగా సిమెంటు పూత వేసియున్నచో మరింత శ్రద్ధ వహింపుడు. అట్టి పూత చెమ్మను మాన్పదు, లోపల బంధించును. అమ్మకమునకు ముందు వేసిన వెల్ల అందమునకా, మరక కప్పుటకా అని అడుగుటలో తప్పు లేదు.

మూడవది చూడనిది. ఇచ్చట నా స్వానుభవము చెప్పవలెను. పదునైదేండ్ల క్రిందట నేనొక పాత యిల్లు కొంటిని. నివేదికలో "పడమటి గది బస్తాలతో నిండియున్నందున చూచుటకు వీలు కాలేదు" అను ఒక వాక్యము కలదు. తక్కినదంతయు బాగున్నదని సంతోషించి, ఆ వాక్యమును దాటిపోతిని. తొలకరి వానలలో ఒక రాత్రి ఆ గది దూలము కొన గోడలోనుండి జారిపడినది. చెదలు లోపలి చేవనంతయు తిని, పైపొర మాత్రమే మిగిల్చినవి. ఆ గదిలో పండుకొనిన మా తల్లిగారు ఉక్క భరింపలేక అంతకు గడియ ముందే వసారాలోనికి వచ్చుటచే బ్రతికినారు. ఇంజనీరు తప్పు వ్రాయలేదు; నేనే తప్పు చదివితిని. "చూడలేదు" అనగా "బాగున్నది" అని అర్థము కాదు. అట్టి వాక్యము కనబడినచో బస్తాలు తీయించి, గది తెరిపించి, దూలము కొనలను తట్టించి మరల వ్రాయించుకొనుడు.

ఇంటితోపాటు స్థలమును కూడ కొలిపింపవలెను. పాత సర్వే లెక్కలలో పొలములకు విడివిడి నంబర్లుండగా, గ్రామకంఠము సాధారణముగా ఒకే నంబరు క్రింద ఉండెడిది. ఇంటింటి హద్దులు అందు లేవు. ఈ లోటు తీర్చుటకే కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించి, గ్రామ నివాస స్థలములను డ్రోనులతో కొలుచు పని చేపట్టినది. దస్తావేజులోని కొలతను, నాలుగు హద్దులను నేలపై సరిచూడుడు. సెంటుకు 48.4 చదరపు గజములు. ఐదు సెంట్లకు 242 గజములు రావలెను. 230 మాత్రమే వచ్చినచో, తక్కిన 12 గజములు ఏమైనవో అమ్మువారు చెప్పవలెను. నడిమి గోడ ఉమ్మడిదా, చూరు నీరు ఎవరి దొడ్డిలో పడుచున్నది అనునవి కూడ వ్రాయించుకొనుడు. పాత పత్రములలో గుంటూరు జిల్లా అని యున్నచో సందేహింప పనిలేదు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినపుడు ఈ గ్రామము అందు చేరినది.

చట్టము కొనువారికి కొంత రక్షణ నిచ్చుచున్నది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, తనకు తెలిసియుండి, కొనువాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టజాలని ముఖ్య లోపమును అమ్మువాడు తెలుపవలెను. ఇందలి మర్మము గ్రహింపుడు: మామూలు జాగ్రత్తతో కనబడదగిన లోపమును మనము చూడకున్నచో ఆ నష్టము మనదే.

కనుక నివేదికను ఇంటిల్లిపాది ఎదుట బిగ్గరగా చదివింపుడు. అర్థము కాని మాటకు గీత గీసి ఇంజనీరును అడుగుడు. మేస్త్రిని, వడ్రంగిని పిలిచి మరమ్మతుల ఖర్చు లెక్క కట్టించి, ఆ మొత్తమును ముందుంచుకొని బేరము చేయుడు. లోపము లేని పాత యిల్లు ఉండదు. తెలిసి కొన్న లోపమునకు వెల కట్టవచ్చును. తెలియక కొన్న లోపము ఎంత వెల అడుగునో చెప్పలేము.