ఎండ అందరిదీ, మీటరు ఎవరిది?

(పేటలో జరిగిన రాత్రి సభలో చేసిన ప్రసంగం)



కరెంటుకు కులమేమిటి అని మమ్మల్ని అడిగేవాళ్ళున్నారు. 1997 దాకా సర్కారు లెక్క ఎట్లా ఉండేదో వినండి. ఊరి రెవెన్యూ పొలిమేరలో ఎక్కడైనా, ఏ పనికైనా కరెంటు వాడితే చాలు, ఆ ఊరంతటికీ కరెంటు వచ్చినట్టే. భూస్వామి బావి మీద ఒక్క మోటారు తిరిగితే మాలపల్లె, మాదిగవాడ బుడ్డిదీపాలతో ఉన్నా అది వెలిగిన ఊరే! 2004లో లెక్క మార్చారు. దళితవాడకూ లైను పోవాలి, బడికి, పంచాయతీ ఆఫీసుకు కరెంటుండాలి, నూటికి పది ఇళ్ళకైనా ఉండాలి అన్నారు. మన వాడ పేరు ఆ కాగితం మీదికి ఎక్కడానికి స్వాతంత్ర్యం వచ్చాక 57 ఏళ్ళు పట్టింది. అదీ నూటికి పది ఇళ్ళు. మిగతా తొంభై ఏమైనా ఫరవాలేదన్నమాట.

ఇప్పుడు సోలారు వస్తోంది. అనంతపురం సరిహద్దు దాటితే కర్ణాటకలో పావగడ. అక్కడ చాలామంది మన తెలుగే మాట్లాడతారు. దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలుపెట్టారు. పట్టా ఉన్నవాడి ఇంటికి కౌలు నడిచివచ్చింది. మంచిదే. మరి ఆ చేలో కలుపు తీసి, కాయ కోసి బతికిన కూలి మనిషికి? చేను పోయింది, కూలీ పోయింది. అద్దాలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం, అవీ కొందరికే.

అట్లాగని సోలారు వద్దనడం లేదు. యజమాని ఎవరన్నదే మా ప్రశ్న. తమిళనాడులో ఓడంతురై అనే పంచాయతీ 2006లో సొంతంగా 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. ఖర్చు కోటీ 55 లక్షలు. అందులో 40 లక్షలు పంచాయతీ పొదుపు, మిగతాది బ్యాంకు అప్పు. తాము వాడుకోగా మిగిలిన కరెంటును బోర్డుకు అమ్మి అప్పు తీర్చారు. గుజరాత్‌లో ఢుండి ఊళ్ళో ఆరుగురు రైతులు సోలార్ పంపులతో సహకార సంఘం పెట్టి, నీళ్ళకు పోగా మిగిలిన కరెంటును యూనిట్ 4 రూపాయల 63 పైసలకు 25 ఏళ్ళు అమ్మేలా ఒప్పందం రాయించుకున్నారు. గొప్ప పనే. కాని వాళ్ళంతా పొలమూ నీళ్ళూ ఉన్న రైతులు. చారెడు నేల లేనివాడికి అందులో సభ్యత్వం ఎక్కడిది? మనం సంఘం పెట్టుకుంటే ఆ గీత చెరిపేయాలి. పట్టా ఉన్నవాళ్ళు నేల పెడతారు, లేనివాళ్ళు కష్టం పెడతారు. ఇద్దరికీ ఒకటే ఓటు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద మన సంఘం మనమే నడుపుకోవచ్చు.

ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. ఏడాదికి 15 లక్షల యూనిట్ల దాకా వస్తాయి. 2019 కుసుమ్ పథకంలో అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల దాకా రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు బీడు భూమిలో పెట్టుకోవచ్చునని రాశారు. రాత బాగానే ఉంది. మెగావాటుకు కోట్లు కావాలి, మన ముఖం చూసి బ్యాంకు మేనేజరు కుర్చీ కూడా చూపించడు. 2013 నాటి ఉపప్రణాళిక చట్టం కోసం రోడ్డెక్కింది ఇట్లాంటి వాటికే కదా. ఆ పద్దులో మన వాటా పెట్టుబడిగా ఇమ్మని అడగాలి.

ఈలోగా బ్రోకర్లు వస్తారు, ఇప్పటికే తిరుగుతున్నారు. అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదన్న 1977 చట్టం మనకున్న కంచె. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో దానికి గండి పెట్టారు, ఇచ్చి 20 ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చన్నారు. బ్రోకరు తెచ్చిన కాగితం మీద ఇంటి దగ్గర వేలిముద్ర వేయొద్దు. బడిలో చదివే పిల్లతోనైనా గట్టిగా చదివించండి. కౌలెంత, ఎన్నేళ్ళకు, ఏటా ఎంత పెరుగుతుంది, గడువయ్యాక ఇనుమూ అద్దాలూ ఎవరు తీసుకుపోతారు, పట్టా లేకుండా సాగు చేసుకుంటున్నవాడికి ఏమిస్తారు? ఇవన్నీ గ్రామసభలో అడిగి మినిట్స్ పుస్తకంలో రాయించండి. గ్రామసభ అని దండోరా వేసే పని మనది, లోపల కూర్చునే పని వాళ్ళది అయింది ఇన్నాళ్ళూ. ఈసారి ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చోవాలి.