వలకు చిక్కని వృక్షప్లవకాలు



ధ్రువ సముద్రమనగానే తిమింగలమూ, సీలూ స్ఫురణకు వస్తాయి. వాటి ఆహారానికి మూలాధారం మాత్రం కంటికి కనిపించని వృక్షప్లవకాలు. నీటిలో తేలుతూ సూర్యరశ్మితో తమ ఆహారాన్ని తామే తయారు చేసుకొనే ఏకకణ జీవులివి. భూమిపై జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఇటువంటి వాటిదే.

1887లో జర్మన్ శాస్త్రజ్ఞుడు విక్టర్ హెన్సెన్ ఇలా తేలియాడే జీవులకు ‘ప్లాంక్టన్’ అని పేరు పెట్టాడు. పట్టుబట్టతో చేసిన వలతో వాటిని పట్టి లెక్కించాడు. మరీ చిన్నవి ఆ వల కన్నాలలోంచి జారిపోయాయి. అపెండిక్యులేరియా అనే చిన్న సముద్రజీవి తన చుట్టూ జిగురు గూడు కట్టుకొని, దానితో నీటిని వడపోసి ఆహారం తీసుకుంటుంది. హాన్స్ లోమాన్ ఆ గూళ్లను పరీక్షించగా, మనుషుల వలకు చిక్కని సూక్ష్మకణాలెన్నో అందులో కనిపించాయి. 1911లో ఆయన వాటిని ‘నానోప్లాంక్టన్’ అన్నాడు.

అంతకంటె చిన్నవీ ఉన్నాయి. ఆర్కిటిక్ నీటిలో విస్తారంగా కనిపించే మైక్రోమోనాస్ పరిమాణం 2 మైక్రోమీటర్ల లోపే. ఒక మిల్లీమీటరు పొడవులో ఇటువంటివి 500కు పైగా వరుసగా ఇముడుతాయి.

ఈ చిన్నతనమే వాటి బలం. ఘనపరిమాణంతో పోల్చినప్పుడు వాటి ఉపరితలం ఎక్కువ. అందుచేత పోషకాలు కొరవడిన నీటిలోనూ అవి బతకగలవు. త్వరగా అడుక్కు దిగిపోవు. మంచు కరిగే వేళ డయాటమ్‌ల వంటి పెద్ద కణాలు విరివిగా పెరిగి, పైపొరలోని నైట్రేట్లను ఖర్చు చేస్తాయి. కరిగిన మంచునీరు ఉప్పునీటికంటె తేలిక గనుక పైనే నిలిచి, లోతులోని పోషకాలను పైకి రానివ్వదు. ఆ కరవుకాలంలో ఉత్పత్తిని నిలబెట్టేవి ప్రధానంగా చిన్న కణాలే.

అయితే అవి పెద్దవాటి స్థానాన్ని ఆక్రమిస్తే ఏమవుతుంది? ఆర్కిటిక్‌లోని కెనడా బేసిన్‌లో 2004 నుండి అతి చిన్న కణాలు పెరుగుతున్నాయనీ, వాటికంటె కాస్త పెద్దవి తగ్గుతున్నాయనీ విలియం లీ బృందం 2009లో వెల్లడించింది. డయాటమ్‌లను కోపిపోడ్‌లు నేరుగా తింటాయి; వాటిని చేపలు తింటాయి. అతి చిన్న కణాలను మాత్రం ముందుగా ప్రోటోజోవాలు తినాలి, ఆ తరువాతనే కోపిపోడ్‌ల వంతు. ప్రతి మెట్టులోనూ రమారమి పదోవంతే పైకి చేరుతుంది. ఆ లెక్కన 1,000 కిలోల డయాటమ్‌ల నుండి 10 కిలోల చేప రాగలిగితే, అంతే బరువు గల చిన్న కణాల నుండి వచ్చేది ఒక్క కిలోయే. అంటార్కిటిక్ ద్వీపకల్పం వద్ద కూడా, చిన్న క్రిప్టోఫైట్లు పెరిగిన చోట వాటిని చక్కగా వడపోయలేని క్రిల్‌కు ఆహారం కొరవడుతుంది. క్రిల్ తగ్గితే పెంగ్విన్లకూ, తిమింగలాలకూ ఇబ్బందే.

కాబట్టి సముద్రం ఎంత పండిందన్నది ఒక్కటే చాలదు. ఏ పరిమాణపు కణంలో పండిందన్నదీ తెలియాలి. ప్లాటినోత్సవం జరుపుకొంటున్న ఈ పాఠశాల పిల్లలకు ఈ చరిత్ర చెప్పదగినది. వలలో పడనంత మాత్రాన నీటిలో లేనట్లు కాదు. వల కన్నం ఎంతటిదో కూడా చూసుకోవాలి.