ఎడిసన్ టౌన్‌షిప్ కైఫీయత్తు



మా మాస్టారు భూగోళం చెప్పేవారు. ఏ ఊరి పేరెత్తినా ముందు అక్కడి నీళ్ళు ఎటు పారతాయో అడిగేవారు. ఆ తర్వాత బాట ఎటు పోతుంది, జనం ఎక్కణ్ణుంచి వచ్చారు అని అడిగేవారు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మెకంజీ దొర కోసం సేకరించిన గ్రామ కైఫీయత్తులంటే ఆయనకు ప్రాణం. చెరువు ఎవరు తవ్వించారు, పేటను ఎవరు కట్టించారు, ఏ కులాలవారు ఏ ఏట వచ్చి కాపురమున్నారు లాంటి సంగతులు అందులో ఉంటాయి. ఆయన పేర జరిగే ఈ ఉపన్యాసంలో, మనం కాపురముంటున్న ఈ ఎడిసన్ టౌన్‌షిప్‌కు అలాంటి కైఫీయత్తు ఒకటి చెప్పాలని నా ఆశ. మనలో చాలామందికి తెలిసిన ఎడిసన్ మనం దిగిన రోజు నుంచే మొదలవుతుంది. అంతకు ముందు ఇక్కడ దిగినవాళ్ళ గురించి మాట్లాడుకుందాం.

ముందు నీళ్ళు. మన టౌన్‌షిప్‌కు దక్షిణపు హద్దు రారిటన్ నది. సముద్రపు పోటు ఇక్కడిదాకా ఎక్కుతుంది. నది అవతల న్యూ బ్రన్స్‌విక్, ఈస్ట్ బ్రన్స్‌విక్. ఇవతల తూర్పున వుడ్‌బ్రిడ్జ్, పడమట పిస్కాటవే. మొత్తం విస్తీర్ణం సుమారు 30 చదరపు మైళ్ళు. వాయవ్యాన డిస్మల్ స్వాంప్ అనే చిత్తడినేల ఇంకా మిగిలి ఉంది. ఇంత రద్దీలో అంత అడవి నిలిచిందంటే, దాని కోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టిన స్థానికుల పుణ్యమే. పటం చూస్తే నడుమ మెటచెన్ అనే వేరే ఊరు కనిపిస్తుంది, గారె మధ్య చిల్లులాగా. అందుకే ఉత్తర ఎడిసన్‌వాళ్ళకూ దక్షిణ ఎడిసన్‌వాళ్ళకూ రోజువారీ రాకపోకలు తక్కువ. న్యూ జెర్సీ చట్టంలో టౌన్‌షిప్ ఒక స్థానిక పాలనా విభాగం. దానికి నడిబొడ్డు అంటూ ఉండాలన్న నియమమేమీ లేదు. మన ఎడిసన్‌కు అదెప్పుడూ లేదు. స్టెల్టన్, బోనమ్‌టౌన్, పిస్కాటవేటౌన్, మెన్లో పార్క్, ఓక్ ట్రీ, న్యూ డర్హమ్, ఇలా చిన్న చిన్న పేటలన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి, అంతే.

ఈ నేల మొదట లెనాపే ప్రజలది. 1660ల్లో ఇంగ్లీషు కుటుంబాలు వచ్చి పిస్కాటవేటౌన్‌లో స్థిరపడ్డాయి. స్టెల్టన్ బాప్టిస్టు సంఘం 1689 నాటిది. విప్లవయుద్ధంలో, 1776-77 చలికాలమంతా బ్రిటిషు సేనలు బోనమ్‌టౌన్‌లోనూ పిస్కాటవేటౌన్‌లోనూ విడిది చేశాయి. 1777 జూన్ 26న, ఇవాళ మనం ఓక్ ట్రీ రోడ్డు అంటున్న ఈ చుట్టుపక్కల, షార్ట్ హిల్స్ పోరాటం జరిగింది. అమెరికన్ల వైపు లార్డ్ స్టిర్లింగ్, బ్రిటిషు వైపు కార్న్‌వాలిస్. అవును, ఆ కార్న్‌వాలిసే. ఇక్కడి యుద్ధంలో చివరికి ఓడిపోయి, తర్వాత గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చి, 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు ఒప్పందం పెట్టినవాడు. ఆ పద్ధతినే 1802 నుంచి ఉత్తర సర్కారులకూ విస్తరించారు. విజయనగరం, బొబ్బిలి జమీందారీల శిస్తు లెక్కల వెనకున్న మనిషి, వేలమంది తెలుగువాళ్ళు సరుకులు కొనుక్కునే ఈ రోడ్డు పక్కన సైన్యాన్ని నడిపించాడు. బజారుకు వెళ్ళినప్పుడు ఓక్ ట్రీ చెరువు దగ్గర ఒక్కసారి ఆగి ఈ సంగతి పిల్లలకు చెప్పండి.

1870 మార్చిలో పిస్కాటవే, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌ల నుంచి కొంత కొంత భూమి తీసి రారిటన్ టౌన్‌షిప్‌ను ఏర్పరిచారు. అదే నేటి ఎడిసన్. 1900లో మెటచెన్, 1905లో హైలాండ్ పార్క్ దీన్నుంచి విడిపోయి వేరే ఊళ్ళయ్యాయి. జనం గుమిగూడిన చోట్లు రెండూ అలా వెళ్ళిపోగా పొలాలూ బంకమట్టి గుంటలూ మిగిలాయి.

థామస్ ఆల్వా ఎడిసన్ కథ మీకు తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1876లో ఆయన మెన్లో పార్క్‌కు వచ్చాడు. అది రైలుమార్గం పక్కన ఇళ్ళ స్థలాలు వేసి, అమ్ముడుపోక పడివున్న చోటు. 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో విద్యుద్దీపం అక్కడే తయారయ్యాయి. ఆ ఏడు డిసెంబరు 31 రాత్రి రైళ్ళలో వచ్చిన జనం క్రిస్టీ వీధి దీపాలు చూసి ముగ్ధులయ్యారు. ఆ దీపం వెనక ఎందరో పనివాళ్ళున్నారు. ఫోనోగ్రాఫ్‌ను చేత్తో మలిచినవాడు జాన్ క్రూసీ, స్విట్జర్లండ్ నుంచి వచ్చిన లోహపు పనివాడు. దీపం లెక్కలు కట్టినవాడు ఫ్రాన్సిస్ ఆప్టన్. 1884లో భార్య మేరీ మెన్లో పార్క్ ఇంట్లోనే చనిపోయింది. ఆ తర్వాత ఎడిసన్ వెస్ట్ ఆరెంజ్‌కు తరలిపోయాడు. ఇక్కడి ప్రయోగశాల పాడుబడింది. 1920ల చివర హెన్రీ ఫోర్డ్ మిగిలిన చెక్కలను, చివరికి ఇక్కడి ఎర్రమట్టిని కూడా, రైలు పెట్టెల్లో మిషిగన్‌లోని డియర్‌బార్న్‌కు పట్టుకుపోయి అక్కడ ప్రయోగశాలను తిరిగి కట్టించాడు. 1938 ఫిబ్రవరి 11న, ఎడిసన్ పుట్టినరోజున, పాత ప్రయోగశాల ఉన్నచోట 130 అడుగుల పైచిలుకు స్తంభాన్ని ఆవిష్కరించారు. దాని కొసన పెద్ద గాజుదీపం ఉంది.

టౌన్‌షిప్‌కు ఆయన పేరు మాత్రం 1954 నవంబరు ఎన్నికల్లో ఓటు వేసి పెట్టుకున్నదే. హంటర్‌డన్ కౌంటీలో ఇంకొక రారిటన్ టౌన్‌షిప్, సోమర్‌సెట్ కౌంటీలో రారిటన్ అనే ఊరు ఉండడంతో తికమకగా ఉండేది. కొన్నేళ్ళు పనిచేసి వెళ్ళిన మనిషి పేరు ఊరికి నిలిచింది. ఆయన గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. కానీ ఈ ఊరిని నిలబెట్టిన తక్కిన పనివాళ్ళ పేర్లు ఏ స్తంభం మీదా లేవు, ఆ లోటు నన్ను బాధిస్తుంది.

వాళ్ళలో మొదటివాళ్ళు నిక్సన్ కార్ఖానా కూలీలు. నౌకల రూపకర్త లూయిస్ నిక్సన్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇక్కడ నైట్రేషన్ కార్ఖానా పెట్టాడు. 1924 మార్చి 1న అక్కడ జరిగిన పేలుడులో సుమారు 20 మంది చనిపోయారు, పక్కనున్న ఇళ్ళు కూలాయి, కాలాయి. ఆ మంటల్లో పోయినవాళ్ళ గురించి ఈ ఊరి బడుల్లో వివరంగా చెప్పడం నేను వినలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలోనే నది ఒడ్డున సైన్యం రారిటన్ ఆర్సెనల్ అనే ఆయుధాగారాన్ని స్థాపించింది. రెండు ప్రపంచయుద్ధాల మందుగుండూ దీన్నుంచి ఓడలకెక్కింది. 1960ల మొదట్లో మూతపడ్డాక ఆ నేల మీదే మిడిల్‌సెక్స్ కౌంటీ కాలేజీ, రారిటన్ సెంటర్ గోదాములు, ఎక్స్‌పో హాలు వచ్చాయి. మన పెళ్ళిళ్ళూ సంఘాల మహాసభలూ జరిగిన ఆ నేలలో, పేలకుండా మిగిలిన గుళ్ళను తవ్వితీసే పని సైన్యపు ఇంజనీర్లకు దశాబ్దాల పాటు పట్టింది.

ఎడిసన్, పిస్కాటవేల నేల మీద సైన్యం కట్టిన క్యాంప్ కిల్మర్ 1942లో తెరుచుకుంది. ఐరోపా యుద్ధానికి పోయేవాళ్ళూ, వచ్చేవాళ్ళూ కలిపి లక్షల మంది సైనికులు దానిగుండా నడిచారు. 1956లో హంగరీ తిరుగుబాటును సోవియట్ సేనలు అణచినప్పుడు 30 వేల పైచిలుకు శరణార్థులు ఇక్కడే దిగారు. అంతకు ముందు హంగరీవాళ్ళు నది అవతల న్యూ బ్రన్స్‌విక్‌లో కొంతమంది స్థిరపడి ఉండడంతో, వచ్చినవాళ్ళకు తమ భాష మాట్లాడే ఇళ్ళు దొరికాయి. మెట్రోపార్క్ స్టేషన్ దగ్గర దిగి ఎవరో తెలుగువాళ్ళ గదిలో మొదటి రాత్రి గడిపిన మనవాళ్ళకు ఆ అనుభవం తెలుసు.

1948లో ఫోర్డ్ కంపెనీ రూట్ 1 పక్కన కారు కర్మాగారం తెరిచింది. ఒకప్పుడు ఇక్కడి మట్టిని తీసుకుపోయిన ఫోర్డ్ పెట్టిన కంపెనీయే, ఈసారి వేలమందికి పని తెచ్చింది. ముస్టాంగులు కూడా ఇక్కడ తయారయ్యాయి. 2004లో మూసేశాక ఆ స్థలంలో దుకాణాలు వచ్చాయి. అయితే ఆ పనివాళ్ళు కొనుక్కున్న చిన్న ఇళ్ళు, వాటి చుట్టూ లేచిన కాలనీలు జనసంఖ్యను ఎలా పెంచాయో చూడండి. 1950లో 16,348, 1960కి 44,799. పదేళ్ళలో దాదాపు మూడింతలు. పొలాలున్న ఊరు ఇళ్ళ ఊరైపోయిన కాలం అదే. మన వలస కాలంలో కూడా ఊరు ఇంత వేగంగా పెరగలేదు.

1965 వలస చట్టం తర్వాత మొదట వచ్చినవాళ్ళు డాక్టర్లు, ఇంజనీర్లు, ఎక్కువగా గుజరాతీలు. ఓక్ ట్రీ రోడ్డులో, ముఖ్యంగా వుడ్‌బ్రిడ్జ్ వైపు ఐజలిన్‌లో, ఖాళీ అయిన దుకాణాలను వాళ్ళు అద్దెకు తీసుకున్నారు. అంతా సాఫీగా సాగలేదు. 1987లో జెర్సీ సిటీలో భారతీయుల మీద దాడులు జరిగాయి. 1990ల మధ్యలో నవరాత్రి ఉత్సవాలకు టౌన్‌షిప్ పెట్టిన నిబంధనల మీద నిర్వాహకులు ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. వాళ్ళు గెలుచుకున్న హక్కును తర్వాత మన బతుకమ్మ సంబరాలకూ సంక్రాంతి పండుగకూ వాడుకున్నాం. గుజరాతీ పెద్దలకు ఆ విషయంలో మనం రుణపడి ఉన్నాం.

తెలుగువాళ్ళం పెద్ద సంఖ్యలో వచ్చింది 1990ల చివర, కంప్యూటర్లలో రెండువేల సంవత్సరపు తేదీ సమస్యను సరిదిద్దే పనికి. గెస్ట్‌హౌస్‌లో నలుగురైదుగురు కలిసి వండుకుంటూ, బెంచి మీద ప్రాజెక్టు కోసం ఎదురుచూసిన తరం మీలో చాలామంది. 2010 లెక్కల ప్రకారం టౌన్‌షిప్ జనాభా 99,967. అందులో ఆసియావాళ్ళు సుమారు 43 శాతం, భారతీయులే సుమారు 28 శాతం. 2020కి మొత్తం జనాభా 1,07,588. న్యూ జెర్సీలో ఆరో పెద్ద మునిసిపాలిటీ. 2005లో జున్ చోయ్ మేయరుగా ఎన్నికయ్యాడు, ఆసియా సంతతివాళ్ళలో ఇక్కడ ఆయనే మొదటివాడు. 2021లో సామ్ జోషి గెలిచి భారత సంతతి మొదటి మేయరయ్యాడు. స్టెల్టన్ సంఘపు పెద్దల నాటి నుంచి నేటి మేయరు దాకా ఎవరో ఒకరు కొత్తగా వస్తూనే ఉన్నారు.

మాస్టారి కుటుంబం దగ్గర ఆయన ఊరి కబుర్లు రాసుకున్న నోటుపుస్తకాలున్నాయి. ఈ సభకు నాదొక విన్నపం. ఏ ఏట వచ్చారో, మొదట ఏ వీధిలో అద్దెకున్నారో, ఎవరు ఆసరా ఇచ్చారో, ఏ ఆఫీసుకు ఏ రైల్లో వెళ్ళారో తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి, నిర్వాహకులకు ఇవ్వండి. అవి టౌన్‌షిప్ గ్రంథాలయంలో 1924 నాటి పేలుడు వార్తల పక్కన, ఫోర్డ్ కార్మికుల ఫొటోల పక్కన చేరేలా మాట్లాడే పని నేను చూస్తాను.