నూరేళ్లు నిండని వారసత్వం



మా మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు గోదావరి గురించి తప్ప ఇంకేదీ మాట్లాడబుద్ధి కాలేదు. ఆయన బడిలో చెప్పింది లెక్కలు. వేసవి సెలవులొస్తే మాత్రం రాజమండ్రిలో లాంచీ ఎక్కి, సరంగు పక్కన చేరి, అతను చెప్పిందల్లా నోటుపుస్తకంలో ఎక్కించుకునేవారు. ఏ రేవు పేరేమిటి, ఏ రాయి ఎంత నీటికి మునుగుతుంది, సుడి ఏ నెలలో ఎటు జరుగుతుంది. "గోదారి గొప్పలు రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నార్రా, లెక్కలు రాసేవాడే లేడు" అనేవారు.

భద్రాచలం దాటి వచ్చిన గోదావరి తూర్పు కనుమలను చీల్చుకునే చోటు పాపికొండలు. పాపిడి తీసినట్టు ఉంటాయి గనక పాపిడికొండలన్నారని, అదే పాపికొండలైందని మనవాళ్లు చెప్పుకుంటారు. ఇంగ్లీషువాళ్లకు అవి 'బైసన్ హిల్స్', అడవిదున్నల కొండలు. అక్కడి గిరిజనులైన కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో అచ్చువేసిన పుస్తకం పేరులోనూ ఆ మాటే ఉంది. అదే కొండను చూస్తే మనకు తల దువ్వుకున్న ఆడమనిషి గుర్తొచ్చింది, వాళ్లకు వేట గుర్తొచ్చింది. సరే, అది వేరే ఉపన్యాసం.

ఈ కొండల మధ్య ఊళ్లను ముంచేది పోలవరం. 1940లలో మద్రాసు ఇంజనీర్లు రామపాదసాగర్ అని పేరుపెట్టి కలగన్న ఆనకట్టే అది. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. పూర్తి నీటిమట్టం 150 అడుగులు, నిల్వ 194 టీఎంసీలు, కదలాల్సిన కుటుంబాలు దాదాపు లక్ష. నేను డెల్టా మనిషిని. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట నీటితో పండిన అన్నం తిన్నవాణ్ణి. డ్యామే వద్దని ఇక్కడ నిలబడి అంటే నా కంచమే నన్ను నిలదీస్తుంది. నా తగాదా అంతా, ఏం మునుగుతోందో మనం వేసుకుంటున్న లెక్కతోనే.

ఇలాంటి లెక్క మనం ఒకసారి శ్రద్ధగానే వేశాం. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను పురావస్తు శాఖ తవ్వింది. ఇక్ష్వాకుల విజయపురిలోని ముఖ్యమైన కట్టడాలను విప్పి తెచ్చి, కొండ మీదా అనుపులోనూ మళ్లీ పేర్చింది. ఆ పనిచేసిన వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. అయినా అక్కడున్న స్నానఘట్టాన్ని చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. కృష్ణలోకి దిగడానికి కట్టిన మెట్లు కొండెక్కి కూర్చున్నాయి. రాళ్లు అవే, వరస అదే. తడికాళ్లతో ఆ మెట్లెక్కే మనిషి మాత్రం లేడు.

పాపికొండల్లో అలా విప్పి పేర్చడానికి రాళ్లు కూడా తక్కువే. 1958 నాటి మన చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే దానికి కనీసం నూరేళ్లుండాలి. కొండరెడ్డి వెదురు తడికల ఇల్లు అన్నేళ్లు నిలవదు. వెదురు తెప్పా అంతే, చివికితే ఇంకోటి కట్టుకుంటారు. ఇల్లూ తెప్పా కొత్తవే కావచ్చు, కట్టే చేతివాటం ఎన్ని తరాలదో. దానికి మన చట్టంలో గడి లేదు. గొందూరులో గండిపోశమ్మ గుడి, పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక వరద వచ్చిందంటే మునుగుతోంది. గుడికి ఇంకో చోటు చూడొచ్చు. గండిని ఎక్కడికి మోసుకెళతాం? గండి ఒడ్డున వెలసినందుకేగా ఆమె గండిపోశమ్మ.

భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు వచ్చిందని రిజిస్టర్లలో భద్రంగా ఉంది. ఏ చింతచెట్టు మొదలు తడిస్తే పిల్లల్ని చంకనేసుకుని ఏ దారిన గట్టెక్కాలో ఒడ్డు ఊళ్లవాళ్లకు తెలుసు. అది ఏ రిజిస్టర్లో ఉంది? కచ్చులూరు అనే పేరు 2019 సెప్టెంబరు 15 దాకా మనలో చాలామంది వినలేదు. ఆ రోజు వరద గోదావరిలో విహారయాత్ర పడవ అక్కడ మునిగింది. బతికినవాళ్లను ముందుగా ఒడ్డుకు చేర్చింది ఆ చుట్టుపక్కల గిరిజనులే. అక్కడ నది సంగతి వాళ్లకు తెలుసు. మన టిక్కెట్టు మీద రాసి లేదు.

2027లో పుష్కరాలు. రేవులకు టైల్స్ అతికిస్తారు, విద్యుద్దీపాలు వేలాడదీస్తారు. ఆ ఖర్చులో ఒక్క ఘాటుకయ్యే సొమ్ము పక్కన పెట్టమని అడుగుతున్నాను. పునరావాస కాలనీల్లో సిమెంటు గదుల ముందు కూర్చున్న ముసలివాళ్ల దగ్గరికి టేపురికార్డర్లతో వెళ్లాలి. రేవుల పేర్లు, రాళ్ల పేర్లు, జాతర్ల పాటలు, తెప్ప కట్టే తీరు వాళ్ల మాటల్లోనే ఎక్కించాలి. కాగితం ఇచ్చి పూరించమంటే రాదు. నాలుగు రోజులు వాళ్ల మధ్య ఉండాలి. వాళ్లు పోయాక తీరిగ్గా వెళ్దామంటే కుదరదు.

మాస్టారి నోటుపుస్తకం ఆయన పోయాక నా దగ్గరికి వచ్చింది. ఇదిగో, తెచ్చాను. ఈ గ్రంథాలయానికి ఇచ్చేస్తున్నాను. దేవీపట్నం దాటాక మూడు పేజీలు నీళ్లకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. వెనక వరసలో పాత సరంగులు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. సభ అయ్యాక వెళ్లిపోకండి. ఆ మూడు పేజీలు మీరు చెబితే నేను రాసుకుంటాను.